డ్రైవరు పక్క సీటు

మీ ఇంట్లో కొత్త బండికి నిమ్మకాయలు తొక్కించిన రోజున, వెనక గదిలోనే ఉండమని మీరు ఎవరికి చెప్పారు?

ఎవరికీ చెప్పలేదు అనకండి. నోటితో చెప్పి ఉండకపోవచ్చు. మన ఇళ్ళలో ఆ మాట నోటితో చెప్పాల్సిన అవసరం ఎప్పుడో తీరిపోయింది. హారతి వెలిగే వేళకు ఆమె తనంతట తానే లేచి లోపలికి పోతుంది. బండి వీధి మలుపు తిరిగాక బయటికి వస్తుంది. ఆ మధ్యలో ఆమె ఎక్కడుందని మీరు అడగరు. ఆ అడగకపోవడాన్నే నేను చెప్పడం అంటున్నాను.

పోయిన ఆదివారం మా అపార్టుమెంటు సెల్లారులో ఒక పూజ జరిగింది. రెండో అంతస్తులో ఉండే దంపతులు పాత వ్యాను కొని, ఆరునెలలు చెమటోడ్చి దాన్ని చక్రాల మీది ఇల్లుగా మార్చుకున్నారు. పైన సోలారు పలక, లోపల మడత మంచం, గ్యాసు పొయ్యి, చిన్న ఫ్రిజ్. చూడముచ్చటైన పని. ఇద్దరూ పెద్ద చదువులు చదివినవాళ్ళు. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టారు. ఆ అమ్మాయి తల్లి మాత్రం, భర్త పోయిన మనిషి, జనరేటరు గది వెనక నిలబడి ఉంది.

"ఇక్కడ నిలబడ్డరేందమ్మా?" అని అడిగాను.

"ఈడ జర నీడ ఉన్నదమ్మా" అంది.

సెల్లారులో అంతటా నీడే.

వ్యాను కదిలింది. డీజిలు పొగలో చిదిగిన నిమ్మకాయ వాసన కలిసింది. ఆ రెండు వాసనలు కలిసి నా ముక్కుకు తగలడం అది రెండోసారి. మొదటిసారి నాకు పదకొండేళ్ళు.

కొత్త రాష్ట్రం వచ్చిన తొలి రోజులవి. మాది నల్గొండ దిక్కు నేతపని వాళ్ళ ఊరు. తెల్లారితే ప్రతి ఇంట్లోనూ గుంట మగ్గం చప్పుడు. మా ఇంటి వెనక, మగ్గాల గదికి ఆనుకుని, తుమ్మచెట్టు కింద ఒక మెటడోరు వ్యాను ఉండేది. చక్రాలు సగందాకా మట్టిలో దిగిపోయాయి. కోళ్ళు దాన్ని కాపురానికి తీసుకున్నాయి. పొద్దున్నే గుడ్లు వెతకడం నా పని. స్టీరింగు కింద ఒక పెట్ట పొదిగేది, వెనక చక్రం మీది గూట్లో ఇంకొకటి. ఎండాకాలం మధ్యాహ్నం ఆ తలుపు లాగితే కాగిన రేకు, ఎండిన కోడిరెట్ట, ఏనాటిదో డీజిలు కలిసిన వాసన ముఖం మీదికి వచ్చేది. అది చెడ్డ వాసన అని నాకు చాలా ఏళ్ళదాకా తెలియదు.

ఆ బండి మా మేనత్త భర్తది. ఆయన్ని నేను చూడలేదు. ఊళ్ళోని చీరల మూటలు హైదరాబాదు దుకాణాలకు వేసి, తిరుగు ప్రయాణంలో నూలు కట్టలు తెచ్చేవాడట. పెళ్ళయిన మూడో ఏడు జ్వరం వచ్చి, దవాఖానలో నాలుగు రోజులుండి పోయాడు. పిల్లల్లేరు. అత్తింటివాళ్ళు అత్తతోపాటు బండిని కూడా మా ఇంటికి పంపించేశారు. రెండూ అచ్చిరానివని వాళ్ళ నమ్మకం.

అత్త బాపు కంటే పెద్దది. మా ఇంట్లో ఆసు పోసేది. ఇక్కత్ చీరకు పోగులన్నీ ఒక చెక్క మీద మేకుల చుట్టూ వరసగా చుట్టే పని అది. చెయ్యి రోజంతా అటూ ఇటూ వేలసార్లు ఊగుతుంది. నేను పక్కన కూర్చుని పుట్నాలు నములుతూ కథలు అడిగేదాన్ని. ఎక్కడ మొదలుపెట్టినా ఆమె కథ ఒకే చోట ఆగేది.

"మీ మామ కొల్లాపూరు దిక్కు కిరాయికి పోయినప్పుడు సోమశిల కాడ బండి ఆపిండట. కృష్ణ ఆడ సముద్రం లెక్క ఉంటదట బిడ్డా. ఈ ఒడ్డున నిలబడితే ఆ ఒడ్డు కానరాదట. ఒకనాడు నిన్ను ముందు సీట్ల కూసోబెట్టుకొని తీస్కపోత అన్నడు."

"మరి తీస్కపోలె?"

"యాడ? నూలు లోడు, చీరల లోడు. నా లోడు ఎత్తే వారమే రాలె."

అని నవ్వేది. చెయ్యి మాత్రం ఆగేది కాదు.

బాపు మగ్గం దిగి వెల్డింగు నేర్చుకున్నాడు. లారీలకు బాడీలు కట్టే షెడ్డులో పని. రాష్ట్రం కోసం జరిగిన సభల్లో మాట్లాడి మాట్లాడి ఆయన గొంతుకు ఒక జీర వచ్చింది. ఇంట్లో రేకు పెట్టె నిండా మూఢనమ్మకాలను ఖండించే పుస్తకాలు. గ్రహణం రోజున బస్సు ఆగే చోట పదిమందిని పోగేసి, మిర్చి బజ్జీలు తెప్పించి, తాను తిని నాతో తినిపించాడు. సాయంత్రాలు నాకు వాదన నేర్పేవాడు. "నువ్వు శకునాల దిక్కు వాదించు, నేను ఓడగొడ్త" అనేవాడు. నేను శకునాల దిక్కు చాలా బాగా వాదించేదాన్ని. పిల్లి ఎదురైన రోజున ఏమేం పాడయ్యాయో వరసగా చెప్పి ఆయన్ని ఇరుకున పెట్టేదాన్ని. ఆయన మురిసిపోయేవాడు. తన కూతురికి ఏ ఆయుధం పట్టడం నేర్పుతున్నాడో ఆయనకు తోచలేదు.

ఒక రోజు ఆయన పేపరులో ఒక బొమ్మ చూశాడు. ఎవరో పాత బస్సును ఇల్లు చేసుకుని దేశం తిరుగుతున్నారు. ఆ కాగితం పట్టుకుని తుమ్మచెట్టు కిందికి పోయి, వ్యాను చుట్టూ నాలుగుసార్లు తిరిగాడు.

"ఇల్లు వాకిలున్నోళ్ళు బండ్ల పండుకునుడేందిరా, సర్కసోళ్ళ లెక్క?" అంది అవ్వ, ఆయన తల్లి.

"మన రాష్ట్రం వచ్చె. మన జాగ ఎట్లుంటదో మనం సూడొద్దా అవ్వా?"

"సూసినంక ఏం జేస్తవ్?"

"సూసినంక మళ్ళ సూస్త."

ఎనిమిది నెలలు పట్టింది. బాపు బాగుచేశాడని ఊరంతా అనుకుంది. సగం పని అత్తది. కోళ్ళను వెళ్ళగొట్టి, గోకి గోకి కడిగింది ఆమె. తుప్పు తిన్న రేకు కోసి కొత్తది అతికించేటప్పుడు రెండో కొస పట్టుకుంది ఆమె. ఆలేరులో పాత సామాన్ల కొట్టు నుంచి రెండు రైలు బెర్తులు తెస్తే, చిరిగిన రెక్సిను పీకి, ఇనుప చట్రానికి నవారు అల్లింది. నేతపనిలో మిగిలిన ముక్కలతో కిటికీలకు పరదాలు కుట్టింది. ఎర్రటి, నల్లటి, తెల్లటి గళ్ళు. మధ్యాహ్నం ఎండకు ఆ గళ్ళ నీడ నేల మీద పరుచుకుంటే నేను దాని మీద తొక్కుడుబిళ్ళ ఆడేదాన్ని.

"అక్కా, జర ఆ రేకు గట్టిగ పట్టు."

"పడ్త గని సూసి కాల్చు. మొన్న నా కొంగు కాల్చినవ్."

"కొత్త చీర కొనిస్త తియ్యి."

"నేసేటోళ్ళ ఇంట్ల పుట్టి చీర కొనిస్తడట. ఇన్నవా బిడ్డా మీ బాపు మాట?"

తుప్పు పట్టకుండా రెడ్ ఆక్సైడు పూసిన రోజున ఆ వాసనకు ఇంట్లో అందరికీ తలనొప్పి. హారను బిగించిన రోజున నేను అవ్వ కునికే వేళ చూసి మోగించి, రెండు దెబ్బలు తిన్నాను. గ్యాసు పొయ్యి పెట్టిన రోజున అత్త బండిలోనే సర్వపిండి చేసింది. పల్లీలు, నువ్వులు వేసి, గిన్నెకు ఒత్తి, మూతపెట్టి మాడే ముందు దించింది. రేకు గోడలు వేడెక్కి వాసన లోపలే తిరిగింది. అంత రుచిగా తర్వాత నేనెప్పుడూ తినలేదు.

నల్గొండ నుంచి మెకానిక్కు వచ్చి ఇంజను విప్పి బిగించాడు. ఒక్క రోగం మిగిలింది. బండి రెండు రోజులు నిలబడితే డీజిలు పైపులోకి గాలి చేరేది. ఇంజను పక్కన బొటనవేలంత పంపు ఒకటి ఉంటుంది. స్టార్టు చేసే ముందు దాన్ని చేత్తో ముప్పై నలభై సార్లు నొక్కి ఆ గాలిని వెళ్ళగొట్టాలి. మామ అత్తకు నేర్పిన కిటుకు అది.

"హవా వోవాలె. లేకుంటే దమ్ము పట్టి నడిమిట్ల నిలబడ్తది" అనేది ఆమె.

బాపుకు రేకు తెలుసు, ఇంజను తెలియదు. కాబట్టి బండి తీసిన ప్రతిసారీ ఆ పంపు కొట్టేది అత్తే. అది ఆమె పని అని అందరం మరిచిపోయేంతగా అది ఆమె పని అయిపోయింది.

"తొలిసారి పోయేది సోమశిలకే. ముందు సీట్ల కూసునేది నువ్వే అక్కా" అన్నాడు బాపు.  మరునాటికి అత్త ఆ సీటుకు గళ్ళ గుడ్డతో దిండు కుట్టి పెట్టింది.

ఇక్కడ నా సంగతి చెప్పాలి. ఆ సీటు నాది అని నేను అనుకున్నాను. ఎనిమిది నెలలు అందులో కూర్చుని ఆడింది నేను, అద్దం మీది దుమ్ము తుడిచింది నేను. అత్త అంటే నాకు ప్రాణమే. కానీ పదకొండేళ్ళ పిల్లకు ప్రాణం వేరు, కిటికీ పక్క సీటు వేరు.

బయలుదేరే ముందురోజు మధ్యాహ్నం అందరం అన్నం తింటుండగా అవ్వ మొదలుపెట్టింది.

"రేపు ఆమె వాకిట్లకు రావద్దు. పొద్దుగాల్నే ఎనుక బాట వట్టి మోరీ కాడికి పోయి కూసోనీ. బండి ఊరు దాటినంక ఆడ ఎక్కుతది."

మోరీ అంటే ఊరి బయట వాన నీళ్ళు రోడ్డు కిందుగా పోయేందుకు కట్టిన చిన్న వంతెన. దాని మీద కూర్చోవడానికి మోకాలెత్తు గోడ ఉండేది.

"అవ్వా, బండే ఆమెది" అన్నాడు బాపు.

"ఆమెదైతే ఏంది? నాకున్నది నువ్వొక్కనివే."

అవ్వకు అత్త మీద కోపం లేదు. కన్నబిడ్డ. అన్నం పెడుతూనే ఆ మాట అంది, ఆమె కంచంలోకి ఇంకో ముద్ద పప్పు వేస్తూనే అంది. మన ఇళ్ళలో ఈ పని ఇంత ప్రేమగానే జరుగుతుంది.

"కొట్లాడకుర్రి. ఎంత దూరమని? పోయి కూసుంట" అంది అత్త.

బాపు మజ్జిగ పోసుకున్నాడు. గ్రహణం రోజు బజ్జీలు తిన్న మనిషి. రాహువుతో పేచీ పెట్టుకోవడం సులువు, రాహువు మన కంచంలో పప్పు వెయ్యడు.

అత్త బట్టల సంచీ, తినుబండారాలు, ఆమె చిన్న సెల్‌ఫోను అన్నీ ఆ సాయంత్రమే బండిలో పెట్టేశారు. చేతులూపుకుంటూ పోయి మోరీ దగ్గర ఎక్కడమే కదా అని.

మర్నాడు పొద్దున వాకిట్లో సగం ఊరు ఉంది. అవ్వ బండికి పసుపు పూసి, బొట్లు పెట్టి, గుమ్మడికాయ తిప్పి పగలగొట్టింది. అదే బండిని పదకొండేళ్ళ కిందట మొగుణ్ణి మింగిన బండి అన్నారు. దానికి మూడు పసుపు బొట్లతో దోషం పోయింది. ఇనుముకు విడుదల ఉంది. ఆ ఇనుముకు ఆనుకుని బతికిన మనిషికి మాత్రం లేదు.

బాపు తాళం తిప్పాడు. ఇంజను అందుకుంది. నిమ్మకాయలు పటపటా చిదిగాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. బండి ముప్పై గజాలు నడిచి, సందు చివర రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

మళ్ళీ తిప్పాడు. మళ్ళీ తిప్పాడు.

"ఏం బావా, ఇల్లు బగ్గ గట్టిగ కట్టినట్టున్నవ్, కదుల్తలేదు" అన్నాడు పక్కింటాయన. అందరూ నవ్వారు. బాపు చెవులు ఎర్రబడ్డాయి.

అవ్వ బండి దిగింది.

"ఎవలన్న ఎదురొచ్చిర్రా? నిజం చెప్పుర్రి."

 నేను వెనక బెర్తు మీద అమ్మ పక్కన ఉన్నాను. ఎదురుగా ఖాళీ సీటు, దాని మీద గళ్ళ దిండు. ఇంకో పది నిమిషాల్లో మోరీ దగ్గర అత్త ఎక్కి అక్కడ కూర్చుంటుంది. మూడు రోజులు నేను ఆమె వీపు చూస్తూ ప్రయాణం చెయ్యాలి.

"అత్త వచ్చింది" అన్నాను. "సందు మలుపుల నిలబడి సూసింది. నేను సూసేసరికి ఎనుకకు వోయింది."

అత్త రాలేదు. గంట ముందే మోరీ దగ్గరికి వెళ్ళిపోయింది. సందు మలుపులో కుక్క కూడా లేదు.

నేను ఊహించింది అరుపులు, తిట్లు. అవేమీ జరగలేదు. అవ్వ ముఖం తేటపడింది. "అనుకున్న" అంది. జనం కూడా తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. కారణం దొరికింది. ఒక మనిషి పేరు చెప్పగానే ఒక యంత్రం ఎందుకు ఆగిందో అందరికీ అర్థమైపోయింది. నా జీవితంలో నేను గెలిచిన మొదటి వాదన అదే. సాక్ష్యం ఎవరూ అడగలేదు.

అవ్వ మళ్ళీ ఎక్కింది. పదిమంది తోశారు. బండి ఎగిరెగిరి పడి చివరికి అందుకుంది. సందు దాటితే కుడిచేతికి మోరీ రోడ్డు, ఎడమచేతికి పత్తిచేల మధ్య నుంచి పాత బాట.

"కుడికి పోకు. ఎడమకు తిప్పు" అంది అవ్వ.

"వదినె ఆడ కూసున్నది" అంది అమ్మ. ఆ పొద్దుటి నుంచి ఆమె నోరు తెరవడం అదే.

"మీ మామ పోయి చెప్తడు తియ్యి. మళ్ళొకసారి తీస్కపోదాం ఆమెను."

అమ్మకు మామ అంటే మా తాత. ఆయనకు చెవులు వినపడవు. వాకిట్లో మంచం మీద కూర్చుని, ఏం జరుగుతోందో తెలియక మాకు చెయ్యి ఊపుతున్నాడు.

బాపు రెండు చేతులూ స్టీరింగు మీద ఉన్నాయి. ఇంజను కొట్టుకుంటోంది. వెనక జనం చూస్తున్నారు. ఆయన ఎడమకు తిప్పాడు.

నేను బెర్తు దిగి, ముందుకు దూరి, గళ్ళ దిండు మీద కూర్చున్నాను. ఎవరూ వద్దనలేదు.

దేవరకొండ దాకా ఎంత సంతోషంగా ఉన్నానో చెప్పకపోతే ఈ రాత అబద్ధం అవుతుంది. గుట్టలు, బండరాళ్ళు, సీతాఫలం పొదలు, మేకల మందలు అన్నీ ముందు నాకు కనిపించి, తర్వాత మిగతావాళ్ళకు కనిపించాయి. ఆకలేస్తే అమ్మ అత్త సంచీ విప్పింది. నువ్వుల ముద్దలు, పుంటికూర తొక్కు, జొన్నరొట్టెలు. వేరే డబ్బాలో, నాకు కారం పడదని, మిరపకాయ వెయ్యకుండా చేసిన సర్వపిండి. నేను ఆమె సీట్లో కూర్చుని, ఆమె నా కోసం చేసినదాన్ని ఆఖరి ముక్కదాకా తిన్నాను.

దేవరకొండ దాటాక సంచీలో ఫోను మోగింది. అత్త ఎవరిదో ఫోను అడిగి, తనకు కంఠతా వచ్చిన ఒకే ఒక నంబరుకు, తన నంబరుకే చేస్తోందని అందరికీ తెలిసింది. అమ్మ చెయ్యి చాపింది. అవ్వ సంచీని తన ఒళ్ళోకి లాక్కుంది.

"ఎత్తితే ఏం చెప్తవ్?" అంది.

నిజమే, ఏం చెప్తాం? నాలుగుసార్లు మోగింది. బాపు వింటూ నడిపాడు. ఆ తర్వాత మోగలేదు.

కల్వకుర్తి దాటాక ఒక ఎత్తు ఎక్కుతుండగా బండి దగ్గి నిలిచిపోయింది. ఈసారి ఎదురురావడానికి అక్కడ మనిషి లేడు. గంటసేపు ఎండలో ఉన్నాక ఒక లారీ డ్రైవరు ఆగాడు. బానెట్టు కిందికి తలపెట్టి, ఒక్క నిమిషం చూసి నవ్వాడు.

"హవా పట్టింది సారూ. బయలెల్లేటప్పుడు చేతిపంపు కొట్టలేదా?"

బాపు బానెట్టు కిందికి వంగి ఆ పంపు చూశాడు.

"పాత బండ్లకు గీ రోగం ఉంటది. ఇంతకుముందు దీన్ని నడిపినోళ్ళకు ఎరుకనే ఉంటది. అడిగితె చెప్పేటోళ్ళు."

ఆయన పంపు కొట్టాడు, ఇంజను మొదటి తిప్పుకే అందుకుంది. చేతులు తుడుచుకుని వెళ్ళిపోయాడు.

బండిలో అందరికీ అర్థమైంది. పంపు కొట్టే చేతిని అశుభం అని మోరీకి పంపాం, అందుకే బండి ఆగింది. బండి ఆగింది కాబట్టి ఆ చేతిదే తప్పన్నాం. మన దేశంలో శకునం నిజమయ్యే పద్ధతి ఇదే. ముందు మనిషిని పక్కకు తోస్తాం, ఆ మనిషి లేని లోటు వల్ల పని చెడుతుంది, చెడిన పనిని ఆ మనిషి నెత్తిన పెడతాం.

"మర్లుదాం" అంది అమ్మ.

 అవ్వ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. వెనక్కి మర్లే వీలుంది. రోడ్డు ఖాళీగా ఉంది. అడ్డుపడేవాళ్ళు లేరు.

"ఇంత దూరం వచ్చినం గదా" అన్నాడు బాపు.

సోమశిలలో కృష్ణ నిజంగానే సముద్రంలా ఉంది. పడవల వాళ్ళ దగ్గర చేపలు కొని పులుసు పెట్టుకున్నాం. నీళ్ళలో ఆడాం. బాపు బండి ముందు నిలబడి, పడవల వాళ్ళకు బెర్తులు, పరదాలు చూపించాడు. "అంత మీరే చేసిన్రా?" అని వాళ్ళు అడిగితే తల ఊపాడు. రెండు రోజులున్నాం. బాగా ఉంది. మనసులో ముల్లు గుచ్చుకుంటూ ఉంటే ఏదీ రుచించదని కథల్లో రాస్తారు. అన్నీ రుచించాయి.

తిరిగి వచ్చేటప్పుడు మోరీ మీదుగానే వచ్చాం. అక్కడ మేకలు కాసే ముసలమ్మ బండిని ఆపి మరీ చెప్పింది.

"ఆడిపిల్లను ఆడ కూసోబెట్టి పోయిన్రు గదనే. పొద్దుగూకేదాక కూసున్నది. నేను తెచ్చుకున్న గట్క తాగుమంటె, ఒద్దు, ఇగ వస్తరు, నేను లేకుంట మావోళ్ళు తింటరా అన్నది. పోయేటోళ్ళు వచ్చేటోళ్ళు నవ్విపోయిన్రు, నిన్ను మోరీకి అప్పజెప్పిన్రా అని."

ఇంటికి వచ్చేసరికి అత్త ఆసు పోస్తోంది. ఎండకు ముఖం పెచ్చులు లేచి ఉంది. బాపు ఎదురుగా నిలబడ్డాడు.

"హవా పట్టిందా?" అని అడిగింది.

బాపు తల ఊపాడు.

"నేను కొట్టకనే పోయిన. యాదికుంచుకొని చెప్పి పోవలసి ఉండె" అంది, తన తప్పు ఒప్పుకున్నట్టు. తర్వాత నా వైపు తిరిగింది. "నది ఎట్లున్నది బిడ్డా?"

ఆమెకు బాధ కలగకూడదని అనుకున్నాను. "గంత పెద్దగ ఏం లేదత్తా. మన వాగు లెక్కనే ఉన్నది" అన్నాను.

"అట్లనా? మీ మామ గొప్పలకు చెప్పిండన్నట్టు" అని నవ్వింది.

మొదటి అబద్ధంతో ఆమె సీటు తీసుకున్నాను. రెండోదానితో ఆమెకు మిగిలిన నదిని తీసుకున్నాను. ఆ తర్వాత ఆమె ఆ కథ నాకెప్పుడూ చెప్పలేదు.

తాను ఎదురొచ్చిందని అందరూ అనుకున్న సంగతి వారంలోపే ఎవరో ఆమె చెవిన వేశారు. తాను రాలేదని ఆమెకు తెలుసు. ఎవరు చెప్పారో కూడా తెలిసే ఉంటుంది. నన్ను ఒక్కమాట అడగలేదు. అడిగి ఉంటే నేను ఏడ్చి ఒప్పుకునేదాన్ని, అంతటితో పోయేది. దానికి బదులు ఆమె ఒకరోజు అమ్మతో అంటుండగా విన్నాను. "ఏమోనే, ఎనుక బాటల పోయేటప్పుడు నా నీడ వాకిట్ల పడ్డదేమో."

అప్పటి నుంచి ఆమెను ఎవరూ వెనక గదిలోకి పొమ్మనాల్సిన అవసరం రాలేదు. మా బంధువుల నాలుగు ఇళ్ళలో పెళ్ళి చూపులైనా, పరీక్షకు పోయే పిల్లలైనా, విత్తనాలకు పోయే ఎడ్లైనా, ఆమె ముందే లేచి మగ్గాల గదిలోకి పోయి తలుపు వేసుకునేది. బాపు తర్వాత ఎన్నిసార్లు పిలిచినా ఆ బండి ఎక్కలేదు. పంపు మాత్రం కొట్టేది. బండి బయలుదేరే ముందురోజు సాయంత్రం, ఎవరూ చూడని వేళ వచ్చి, గాలి పోయేదాకా కొట్టి వెళ్ళేది.

నల్గొండలో డిగ్రీ చదివేటప్పుడు మూఢనమ్మకాల మీద వక్తృత్వ పోటీలో నాకు మొదటి బహుమతి వచ్చింది. ఆ కప్పు తెచ్చి బాపు ముందు పెట్టి, ఆ రోజు నేను చెప్పింది అబద్ధమని చెప్పాను.

"నాకెరుకనే" అన్నాడు.

"ఎట్ల?"

"స్టీరింగు కాడ ఉన్నది నేను. సందు మలుపు నా కండ్ల ముందటనే ఉండె. ఆడ ఎవరు లేకుండె."

"మరెందుకు తిప్పినవ్ బాపు?"

కప్పును చేతిలో తిప్పాడు.

"అందరు సూస్తుండిరి" అన్నాడు.

అజ్ఞానం వల్ల మూఢనమ్మకాలు బతుకుతున్నాయని వేదికల మీద చెప్పేవాళ్ళను చూస్తే నాకు ఆ మాట గుర్తొస్తుంది. ఆ బండిలో అజ్ఞాని ఒక్క అవ్వ మాత్రమే. నాకు తెలుసు, బాపుకు తెలుసు, అమ్మకు తెలుసు. తెలిసిన ముగ్గురం కలిసి ఒక మనిషిని మోరీ మీద వదిలేశాం. ఒకరికి సీటు కావాలి, ఒకరికి పరువు కావాలి, ఒకరికి ఇంట్లో గొడవ వద్దు.

ఇప్పుడు అవ్వ లేదు, తాత లేడు. ఊళ్ళో మగ్గాల చప్పుడు ఆగిపోయింది. గుంటలు పూడ్చి పైన టైల్సు వేసుకున్నారు. బండిని పాత ఇనుముకు ఇచ్చేశారు. పరదాలు ఏమయ్యాయో తెలియదు. అత్త ఉంది. జుట్టు నెరిసింది, ఆసు పోసిన చెయ్యి ఖాళీగా ఉన్నప్పుడు కూడా కొద్దిగా ఊగుతూ ఉంటుంది.

సెల్లారులో ఆ పూజ చూసిన మర్నాడే నేను కారు తీసుకుని ఊరికి పోయాను. అత్త చేతులు పట్టుకుని, జరిగిందంతా, సందు మలుపు దగ్గర నుంచి నది దాకా, చెప్పాను.

"నాకెరుక లేదా బిడ్డా? పిల్లవు. సీటు కోసం అన్నవ్" అంది.

"నది పెద్దగనే ఉన్నదత్తా. మామ చెప్పినంత ఉన్నది. లే, పోదాం. ముందు సీట్ల కూసో."

ఆమె గడప దాటలేదు.

"నేనెక్క."

వాదించాను. నేను వేదికల మీద పండితులను నోరు మూయించిన మనిషిని. హవా సంగతి చెప్పాను, లారీ డ్రైవరు సంగతి చెప్పాను, ఆమె పంపు కొట్టిన ఇన్నేళ్ళలో ఒక్కరోజు బండి ఆగలేదని చెప్పాను. అన్నీ ఓపికగా విన్నది. నా తల నిమిరింది.

"నీ మాటే నిజం గావచ్చు. గని నీకేమన్న అయితే? నీ పాణం మీద పరీక్ష పెట్టుకుంటనా బిడ్డా నేను?"

అని, నేను కారు తలుపు తెరవకముందే లోపలికి పోయి తలుపు వేసుకుంది. నా మీది ప్రేమతో వేసుకుంది. ఆ తలుపును ఏ తర్కమూ తెరవలేదు. మేం ఒక్క పొద్దులో చేసిన పని అది.

మీకు ఇంకా సమయం ఉంది. మీ ఇంట్లో ఉన్న ఆమె ఇప్పటికైతే మీరు పొమ్మంటేనే లోపలికి పోతోంది, లేదా మీరు ఊరుకుంటే పోతోంది. అది నమ్మకంగా మారిపోకముందే లేవండి. పత్రిక పక్కన పెట్టండి. ఈ వారం మీ ఇంట్లో ఎవరు ప్రయాణమైనా, పదిమంది చూస్తుండగా ఆమెను చెయ్యి పట్టుకుని వాకిట్లోకి తీసుకురండి. డ్రైవరు పక్క సీట్లో కూర్చోబెట్టండి. ఆమె వచ్చేదాకా బండి కదలనివ్వకండి. ఎవరో ఏదో అంటారు, అననివ్వండి. వచ్చే ఏడు చేద్దాం అనుకోకండి. వచ్చే ఏటికి ఆమె రానంటుంది, మీ మంచి కోసమే రానంటుంది. వెళ్ళి ఇప్పుడే పిలవండి.